భిన్నములో భిన్నము

ఈ ప్రసంగమునకు విషయము సంకీర్ణ భిన్నము. పేరు వినగానే కొందరు శ్రోతలు రేడియో మీటను త్రిప్పివేయుదురేమో యను శంక మాకు లేకపోలేదు. అయినను బడిపిల్లలతోపాటు వారి తల్లిదండ్రులును వినుచుందురను నమ్మకముతో ఈ విషయమునే ఎన్నుకొంటిమి. ఇంటిలో పిల్లవాడు లెక్క అడిగినపుడు కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారముల వరకు తోడ్పడు పెద్దలు, గీతమీద ఒక భిన్నము, గీతక్రింద మరియొక భిన్నము కనబడగానే పుస్తకమును తిరిగి వాని చేతికే ఇచ్చి, "మీ మాస్టారిని అడుగు" మందురు. మాస్టారు, "క్రిందిదానిని తలక్రిందులు చేసి పైదానితో గుణింపుము" అని ఒక్క సూత్రము చెప్పుదురు. పిల్లవాడు దానిని కంఠస్థము చేసి పరీక్ష దాటును. తలక్రిందులు ఎందుకు చేయవలెనో మాత్రము వానికి తెలియదు. తెలియని పనిని పదేపదే చేయవలసి వచ్చినపుడు భయము పుట్టును. ఆ భయము భిన్నములతో ఆగక, పై తరగతులలో బీజగణితమునకును ప్రాకును. "నాకు లెక్కలు రావు" అని జీవితాంతము చెప్పుకొనువారిలో పలువురకు ఆ మాట మొదట నోట వచ్చినది ఈ భిన్నముల యొద్దనే.

రేడియోలో నల్లబల్ల లేదు. గీత గీసి చూపుటకు వీలులేదు. ఇది లోపమే. కాని ఈ లోపమునందు ఒక మేలు గలదు. గీతను చూపలేనివాడు, ఆ గీతకు అర్థమేమో నోటితో చెప్పి తీరవలెను. కావున నేడు గీతలకంటె మాటలనే ఎక్కువగా నమ్ముకొందము.

మొదట సామాన్య భిన్నమును గూర్చి. భిన్నమనగా విరుగగొట్టబడినది. ఒక వస్తువును సమభాగములుగా చేసినపుడు, ఎన్ని భాగములుగా చేసితిమో చెప్పునది హారము. వానిలో ఎన్నింటిని తీసికొంటిమో చెప్పునది లవము. తెలుగున "నాలుగింట మూడు వంతులు" అందుము. ఈ పలుకుబడిని కొంచెము గమనింపుడు. ముందు వస్తువును నాలుగు చేసితిమి, పిమ్మట మూడింటిని తీసితిమి. పని జరిగిన వరుసలోనే మాట నడచుచున్నది. వ్రాతలో మాత్రము మూడు పైన, నాలుగు క్రింద ఉండును. ఇప్పుడు బడులలో "మూడు బై నాలుగు" అనుట వాడుకయైనది. అది పలుకుటకు సులభమే. కాని అందులో వంతు అను మాట లేదు, చేసిన పని జాడ లేదు. పిల్లవానికి మూడు, నాలుగు అను రెండు అంకెలు వినబడునేగాని ఒక్క పరిమాణము తోచదు. భిన్నమనగా రెండు అంకెలు కావు, ఒకే పరిమాణము. ఈ సంగతి మనసున నాటుకొననిదే సంకీర్ణ భిన్నము బోధపడుట కష్టము.

ఇక సంకీర్ణ భిన్నమన నేమి? లవము గాని, హారము గాని, రెండును గాని తామే భిన్నములైనచో దానికి సంకీర్ణ భిన్నమని పేరు. పేరు పెద్దది, అందులోని ప్రశ్న చిన్నది. పైన ఉన్న పరిమాణములో క్రింద ఉన్న పరిమాణము ఎన్ని మారులు ఇముడును? ఇంతకుమించి అందులో ఏమియు లేదు.

మన ఇండ్లలో కుంచములు, మానికలు, సోలలు వాడుకలో నున్న కాలమున ఈ ప్రశ్నకు గృహిణులు కాగితము లేకయే జవాబు చెప్పెడివారు. ప్రాంతములను బట్టి కొలతలు కొంత మారినను, సాధారణముగా నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము. అనగా కుంచమునకు నాలుగు మానికలు, పదునారు సోలలు, అరువదినాలుగు గిద్దెలు. ఇంటిలో ముప్పాతిక కుంచము బియ్యమున్నవి, మనిషికి సోలెడు చొప్పున వండవలెను, ఎందరికి సరిపోవును? పుస్తకములో నైనచో ఇది నాలుగింట మూడును పదునారింట ఒకటిచే భాగించు లెక్క. ఆ ఇల్లాలు, "ముప్పాతిక కుంచమనగా మూడు మానికలు, మూడు మానికలనగా పన్నెండు సోలలు, పన్నెండుగురకు సరి" యనును. మనిషికి సోలన్నర చొప్పున వండవలసినచో "ఎనమండుగురకు" అనును. ఆమె దేనిని తలక్రిందులు చేయలేదు. రెండు పరిమాణములను ఒకే కొలతలోనికి, అనగా సోలలలోనికి మార్చి, సోలలను సోలలతో భాగించినది.

ఇదే సంకీర్ణ భిన్నమునకు మొదటి మార్గము. మీదిదానిని, క్రిందిదానిని ఒకే జాతి ముక్కలుగా మార్చుట. ఉదాహరణమునకు పైన మూడింట రెండు, క్రింద ఐదింట నాలుగు ఉన్నవనుకొందము. మూడవ వంతులును ఐదవ వంతులును వేరు జాతులు. రెంటికిని సరిపడు ముక్క పదునైదవ వంతు. మూడు, ఐదుల కనిష్ఠ సామాన్య గుణిజము పదునైదు గదా. మూడింట రెండనగా అట్టి ముక్కలు పది. ఐదింట నాలుగనగా పన్నెండు. పది ముక్కలను పన్నెండు ముక్కలతో పోల్చిన పన్నెండింట పది, అనగా ఆరింట ఐదు. పైభిన్నములో క్రిందిభిన్నము పూర్తిగా ఒక్క మారైనను ఇముడలేదు. ఆరింట ఐదు వంతులు మాత్రమే ఇమిడినది. మూడింట రెండు ఐదింట నాలుగుకంటె చిన్నది గనుక ఇట్లు కావలసినదే.

రెండవ మార్గమే మాస్టారు చెప్పిన తలక్రిందుల సూత్రము. దానికిని కారణము గలదు. ఏ భాగహారమునందైనను భాజ్యమును, భాజకమును ఒకే సంఖ్యచే గుణించినచో ఫలము మారదు. ఆరు రొట్టెలను ముగ్గురకు పంచినను, పండ్రెండు రొట్టెలను ఆరుగురకు పంచినను తలకు రెండే వచ్చును. కావున క్రింద నున్న ఐదింట నాలుగును ఏదియైన ఒక సంఖ్యచే గుణించి ఒకటిగా చేయగలిగితిమా, భాగించు పని ముగిసినట్లే. ఒకటిచే భాగించిన ఏ సంఖ్యయు మారదు గదా. ఐదింట నాలుగును ఒకటిగా చేయు సంఖ్య నాలుగింట ఐదు. క్రిందిదానిని దానిచే గుణించితిమి గనుక పైదానిని కూడ దానిచేతనే గుణింపవలెను. మూడింట రెండును నాలుగింట ఐదుచే గుణించిన పన్నెండింట పది, అనగా మరల ఆరింట ఐదే. తలక్రిందులు చేయుటలోని రహస్యమంతయు ఇంతే. పైకి కనబడునది గుణకారము. లోపల జరిగినది క్రిందిదానిని ఒకటిగా చేయుట.

ఇచ్చట పిల్లలకు ఒక ఆశ్చర్యము కలుగును. భాగించినచో సంఖ్య చిన్నదగునని వారు చిన్నతరగతులలో నేర్చిరి. ముప్పాతికను వీసముచే భాగింపగా పన్నెండు వచ్చినదేమి? భాగించు ముక్క ఒకటికంటె చిన్నదైనపుడు అది ఎక్కువ మారులు ఇముడును. గిన్నె చిన్నదైనకొలది ముంచు మారులు ఎక్కువగును. ఈ ఒక్క మాట చెప్పినచో పిల్లవాని ఆశ్చర్యము భయముగా మారక సంతోషముగా మారును.

ఇప్పుడు శేషమును గూర్చిన ఒక సూక్ష్మము. ఐదు మీటర్ల బట్ట యున్నది. ఒక రవికకు ముప్పావు మీటరు కావలెను. ఎన్ని రవికలు వచ్చును? అన్నిటిని పావు మీటర్లుగా మార్చిన బట్ట ఇరువది పావులు, రవిక మూడు పావులు. ఇరువదిని మూడుచే భాగింపగా ఆరును, మూడింట రెండును వచ్చును. ఆరు రవికలు కుట్టిన పిమ్మట మిగిలినదెంత? పలువురు పిల్లలు మూడింట రెండు మీటర్లందురు. కాదు. మిగిలినది ఒక రవికకు కావలసిన బట్టలో మూడింట రెండు వంతులు. అనగా ముప్పావు మీటరులో మూడింట రెండు, అర మీటరు. ఆరు రవికలకు నాలుగున్నర మీటర్లు పోగా అర మీటరు మిగులుట సరిగానే యున్నది. ఫలముగా వచ్చిన భిన్నము దేనిలో వంతు అను ప్రశ్నను ఎన్నడును మరువరాదు.

ఇక గీత సంగతి. ఒకటి, రెండు, మూడు అను అంకెలను ఒకదానిక్రింద నొకటి వ్రాసి నడుమ రెండు గీతలు గీసితిమనుకొందము. ఈ రెండు గీతలలో ఏది పెద్దది? క్రిందిగీత పెద్దదైనచో, అరను మూడుచే భాగింపవలెను. ఫలము ఆరింట ఒకటి. పైగీత పెద్దదైనచో, ఒకటిని మూడింట రెండుచే భాగింపవలెను, ఫలము ఒకటిన్నర. అంకెలు అవియే, వరుస అదియే. ఒక ఫలము రెండవదానికి తొమ్మిది రెట్లు! కావున ప్రధానమైన గీతను స్పష్టముగా పొడవుగా గీయుట పిల్లలకు మొదటినుండియు అలవాటు చేయవలెను. సమానచిహ్నము ఏ గీతకు ఎదురుగా నున్నదో అది ప్రధానమైన గీత. ఉపాధ్యాయులు దీనిని చేతివ్రాతకు సంబంధించిన చిన్న విషయముగా ఎంచరాదు.

ఏది పైన, ఏది క్రింద నను ఈ విచక్షణ పరీక్షకాగితముతో ముగియునది కాదు. వైద్యుడు రోగికి ఒక మారునకు పావు గ్రాము మందు ఇమ్మనెను. దుకాణమున దొరకిన మాత్ర అర గ్రాముది. పావును అరచే భాగింపగా అర మాత్ర. తొందరలో దానిని తిరుగవేసి, అరను పావుచే భాగించినవానికి రెండు మాత్రలు వచ్చును. అనగా వైద్యుడు చెప్పినదానికి నాలుగు రెట్ల మందు రోగి కడుపులోనికి పోవును. ఇట్టిచోట లెక్క చేయుటకు ముందే "జవాబు ఒకటికంటె ఎక్కువయా, తక్కువయా?" అని ఒక్క క్షణము ఆగి ఆలోచించు అలవాటు ప్రాణమును కాపాడగలదు. కావలసిన మందు మాత్రకంటె తక్కువ. కావున జవాబు ఒక మాత్రకు లోపలనే యుండవలెను. ఆ పిమ్మటనే అంకెల పని.

పైన, క్రింద కూడికలును తీసివేతలును ఉన్న సంకీర్ణ భిన్నములలో వేరొక పొరపాటునకు అవకాశము గలదు. పైన అరయు మూడింట ఒకటియు కలుపవలెను. క్రింద అరలోనుండి మూడింట ఒకటి తీసివేయవలెను. కొందరు బాలురు పైనున్న అరను క్రిందనున్న అరతోను, పైమూడవ వంతును క్రిందిమూడవ వంతుతోను కొట్టివేయుదురు. ఇది తగదు. పెద్దగీత కుండలీకరణము వంటిది. పైయింటి పని పైయింట, క్రిందియింటి పని క్రిందియింట ముగిసినపిదప గాని రెండిండ్లకు నడుమ కొట్టివేతలు లేవు. గుణకారముతో కూడియున్నవానినే కొట్టివేయవచ్చును. కూడికతో, తీసివేతతో కూడియున్నవానిని కొట్టివేయరాదు. ఈ లెక్కలో మీదను క్రిందను ఆరుచే గుణించినచో, పైన మూడును రెండును కలిసి ఐదు. క్రింద మూడులో రెండుపోగా ఒకటి. ఫలము ఐదు. ఒకవేళ క్రింది తీసివేతవలన సున్న వచ్చినచో ఆ భిన్నమునకు విలువయే లేదు. సున్నతో భాగించుట ఏ సూత్రమునకును లొంగదు. క్రిందియింటి పనిని ముందుగా చూచుకొనుమనుట ఇందువలననే.

నిత్యజీవితమున సంకీర్ణ భిన్నము మారువేషమున వచ్చుచుండును. ఒక బస్సు పోవునపుడు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిని తిరిగి వచ్చునపుడు గంటకు 60 కిలోమీటర్లు నడచినది. సగటు వేగమెంత? 50 అని చప్పున నోటికి వచ్చును. కాని దారి 120 కిలోమీటర్లనుకొన్నచో, పోవుటకు 3 గంటలు, వచ్చుటకు 2 గంటలు. 240 కిలోమీటర్లు 5 గంటలలో నడచినది. సగటు 48. నెమ్మదిగా నడచిన వేళ ఎక్కువ గనుక సగటు ఆ వైపునకు మొగ్గినది. దారి పొడవు తెలియకున్నను, పైన రెండు, క్రింద నలువదింట ఒకటియు అరువదింట ఒకటియు కలిసిన మొత్తము నుంచి భాగించిన ఈ నలువది యెనిమిదియే వచ్చును. అట్లే ఒక తొట్టిని ఒక పంపు 6 గంటలలోను, వేరొకటి 4 గంటలలోను నింపును. రెండును విప్పినచో? గంటకు ఒకటి ఆరవ వంతు, రెండవది నాలుగవ వంతు. కలిసి పన్నెండింట ఐదు. ఒకటిని దీనిచే భాగింపగా రెండు గంటల ఇరువదినాలుగు నిముషములు. కాలువల, తొట్ల లెక్కలన్నిటిలోను దాగియున్నది సంకీర్ణ భిన్నమే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. భాజకము యొక్క లవహారములను తారుమారు చేసి గుణించు పద్ధతిని బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమునందే చెప్పెను. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడును చెప్పెను. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమును రచించి, భిన్నములను జాతులుగా విభజించెను. భిన్నములో భిన్నమును తీయుట ప్రభాగము. భిన్నమును భిన్నముచే భాగించుట భాగభాగము. నేటి సంకీర్ణ భిన్నమే ఆ భాగభాగము. ఆ గ్రంథమును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమను పేరున తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితశాస్త్రము తెనుగున పద్యరూపమున అంత పూర్వమే వెలయుట మనకు గర్వకారణము. నాడు లవమును పైన, హారమును క్రింద వ్రాసెడివారు గాని నడుమ గీత లేదు. ఆ గీత అరబ్బు గణితజ్ఞుల ద్వారా ఐరోపాకు చేరినది. ఇటలీ దేశీయుడగు ఫిబొనాచ్చి 1202లో రచించిన గ్రంథమున దానిని వాడెను.

తెలుగువారి వాడుక లెక్కలో భిన్నములు నాలుగింటి వరుసను నడచెడివి. ఒకటిలో నాలుగవ వంతు కాలు, దానిలో నాలుగవ వంతు వీసము. వీనికి ప్రత్యేకమైన గుర్తులుండెడివి. ఆ గుర్తులు 2008లో యూనికోడ్ లిపిపట్టికలో చేర్చబడినవి. కుంచములో సోల వీసము. రూపాయిలో అణా వీసము. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల లెక్క వచ్చినది. పిమ్మట కిలోగ్రాములు, లీటర్లు, మీటర్లు వచ్చినవి. దశాంశ పద్ధతి వలన వ్యాపారమునకు, శాస్త్రమునకు కలిగిన సౌకర్యము అపారము. కాని ఒక మార్పు మన దృష్టిని తప్పించుకొన్నది. పూర్వము బిడ్డ బడికి పోకముందే పావు, అర, ముప్పాతిక, వీసము అను మాటలను అంగడిలోను వంటయింటిలోను విని, కన్నులార చూచి, చేతులతో కొలిచెడిది. నేడు ఆ పరిచయము ఇంటిలో కలుగుట అరుదు. భిన్నము మొట్టమొదట పుస్తకములోనే ఎదురగును. కావున ఇంటిలో జరిగెడి ఆ చదువును ఎవరో ఒకరు తిరిగి కల్పింపవలెను. ఒక రొట్టె, ఒక గ్లాసు, ఒక మూర తాడు చాలును.

గీతల మెట్లు రెంటితో ఆగవలెనని లేదు. మూడునకు, ఏడింట ఒకటి కలిపినచో ఇరువదిరెండును ఏడుచే భాగించినది వచ్చును. వృత్తపరిధికి మన పిల్లలు వాడు సంఖ్య ఇదియే. ఆ ఏడునకు మరల పదునారింట ఒకటి చేర్చి, ఆ మొత్తముచే ఒకటిని భాగించి మూడునకు కలిపినచో 355ను 113చే భాగించినది వచ్చును. ఇది అసలు విలువతో దశాంశ బిందువు తరువాత ఆరు స్థానములవరకు సరిపోవును. ఒక్క మెట్టు దిగిన మాత్రమున ఎంత దగ్గరకు వచ్చితిమో చూడుడు! ఇట్లు మెట్టుక్రింద మెట్టుగా దిగు భిన్నములను అవిచ్ఛిన్న భిన్నములందురు. మదరాసు నౌకాశ్రయ కార్యాలయమున గుమాస్తాగా నుండిన శ్రీనివాస రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు వ్రాసిన లేఖలో ఇట్టి భిన్నములను గూర్చిన సిద్ధాంతములు ఉండెను. ఆ లేఖయే ఆయనను ప్రపంచమునకు పరిచయము చేసినది. బడిపిల్లవానిని భయపెట్టు ఆ మెట్లే తెలిసినవానికి అంత ఎత్తునకు దారి చూపినవి.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మా విన్నపము నాలుగు మాటలలో చెప్పుదుము. మొదట, లెక్కను అంకెలతో మొదలుపెట్టక, "దేనిలో ఏది ఎన్ని మారులు?" అను ప్రశ్నగా పిల్లవానిచే చెప్పింపుడు. రెండు, ఫలము ఒకటికంటె పెద్దదో చిన్నదో ముందుగా ఊహింపజేయుడు. మూడు, పైపనిని, క్రిందిపనిని వేరువేరుగా ముగింపజేయుడు. లేనిచో అన్ని హారములకు సామాన్యమైన సంఖ్యచే మీదను క్రిందను గుణింపజేయుడు. నాలుగు, వచ్చిన ఫలమును క్రిందిదానిచే గుణించి, పైది తిరిగి వచ్చినదో లేదో సరిచూడ నేర్పుడు. ఈ నాలుగవ అలవాటుగల పిల్లవాడు జవాబుల పుటను తిప్పి చూడవలసిన పని లేదు. తన జవాబు తప్పో ఒప్పో ఎవరును చెప్పకయే తెలిసికొనును. లెక్కలవలన కలుగు ధైర్యమునకు మూలమిది.

సెలవు తీసికొనుటకు ముందు మా చిన్న శ్రోతలకు ఒక లెక్క. కాగితమును, కలమును సిద్ధము చేసికొనుడు. ఒకటికి అర కలుపుడు. వచ్చినదానిచే ఒకటిని భాగించి, ఫలమునకు మరల ఒకటి కలుపుడు. వచ్చినదానిచే తిరిగి ఒకటిని భాగించి, ఇంకొక ఒకటి కలుపుడు. ఐదింట ఎనిమిది వంతులు వచ్చినచో మీ లెక్క సరియైనది. అక్కడ ఆగక మరి రెండు మారులు అట్లే చేయుడు. ప్రతి మెట్టునను వచ్చిన అంకెలను వరుసగా వ్రాసికొని, వానికి ఒకదానితో నొకటికి గల చుట్టరికమేమో మీరే కనిపెట్టుడు.